స్తంభం వేషం

భూమ్మీద ఎంతోమంది నటులు పుట్టారు, పోయారు. రాజు వేషం వేసినవాళ్ళున్నారు, పులి వేషం వేసినవాళ్ళున్నారు. ఒక్క మాట మాట్లాడకుండా, ఒక్క అడుగు వెయ్యకుండా, స్తంభం వేషం వేసి, హాలు హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టేలా చేసిన మొనగాడు మాత్రం ఈ సృష్టి మొత్తమ్మీద ఒక్కడే. వడ్రంగి బాబాయి. ఆ రోజు ఆయన నిలబడ్డ తీరుకి హాలు పైకప్పు జానెడు పైకి లేచిందనీ, దాన్ని మళ్ళీ కిందికి దింపడానికి మర్నాడు మేస్త్రీలు రావాల్సొచ్చిందనీ చెప్పుకుంటారు. నమ్మనివాళ్ళు నిచ్చెన తెచ్చుకుని కొలుచుకోవచ్చు.

బాబాయి అంటే ఎవరో ఒకరికి బాబాయి కాదు. ఆ వీధిలో అందరికీ బాబాయే. వయసులో ఆయనకన్నా పెద్దవాడు, టైర్ల షాపాయన కూడా బాబాయీ అనే పిలుస్తాడు. ఆ లెక్కన ఆయన భార్య అందరికీ పిన్ని. బాబాయిది తాటిచెట్టంత పొడుగు, వెదురుబద్దంత సన్నం. చెవిమీద ఎప్పుడూ ఓ పెన్సిలు. పుట్టినప్పుడే చెవిమీద పెన్సిలుందని, మంత్రసాని దాన్ని తీయబోతే "కొలత తీసుకోవాలి, ఉండనీ" అన్నాడని ఓ మాట ఉంది. ఆ తరవాత మాత్రం ఆయన పెద్దగా మాట్లాడింది లేదు. రంపం మాట్లాడుతుంటే మధ్యలో మనమెందుకు అన్నట్టుంటాడు.

ఆయనకో రేకుల షెడ్డుంది. ఒకవైపు గోడకి చేరేసిన చెక్కలు, ఇంకోవైపు సగం పూర్తయిన బల్లలు, బీరువాలు, నేలంతా రంపంపొట్టు. సరిగ్గా నడిమధ్యలో ఓ చెక్క స్తంభం. షెడ్డు వేసినప్పుడు దూలం పొట్టిదైపోయింది. లోకంలో అందరి బీరువాలకీ కొలత తీసే మనిషి తన షెడ్డు దూలానికి కొలత తియ్యడం మర్చిపోయాడు! రెండు ముక్కలు కలిపి అతికి, ఆ అతుకు కింద ఈ స్తంభం నిలబెట్టాడు. స్తంభానికో మేకు. ఆ మేకుకి పిన్ని చేతిసంచీ. రోజూ పొద్దున షెడ్డు ఊడ్చేది పిన్నే కాబట్టి ఆ స్తంభం చుట్టూ ఆవిడ తిరిగినన్ని చుట్లు భూమి కూడా సూర్యుడి చుట్టూ తిరిగుండదు.

సాయంత్రం రంపం ఆగిందంటే ఆ షెడ్డు నాటకం వాళ్ళది. వాళ్ళ డైరెక్టరు సిటీ బస్సు కండక్టరు. రిహార్సల్లోనూ ఆయన నోట ఆ మాటే: "లోపలికి జరగండి, లోపలికి జరగండి! డోర్ దగ్గర నిలబడొద్దు!" ఆయన చెబితే చచ్చినట్టు జరగాల్సిందే. హీరో మంగలి షాపాయన. నాన్న వేషం టైర్ల షాపాయనది. కూతురి వేషం ఆసుపత్రి నర్సమ్మది. లైట్లు బాబాయి బావమరిదివి. అతను పనీపాటా ఉన్న ఎలక్ట్రీషియనే గానీ, నోటికి మాత్రం పనెక్కువ. తలుపులు, కిటికీలు, మంచాలు అన్నీ బాబాయివి.

బాబాయి కూడా ఒకప్పుడు వేషం వేశాడు. భటుడు. పరిగెత్తుకొచ్చి "ప్రభూ, శత్రువులు కోట దాకా వచ్చేశారు" అనాలి. పరిగెత్తుకొచ్చి "వచ్చేశారు" అని వెళ్ళిపోయాడు. ఎవరొచ్చారో ఎక్కడికొచ్చారో రాజుగారికి తెలీదు, జనానికీ తెలీదు. ఇంటికెళ్ళాక పిన్ని అడిగింది, "ఇంతకీ నువ్వు ఎప్పుడొచ్చావ్?" అని. ఆయన స్టేజిమీదికొచ్చేటప్పటికి ఆవిడ మంచి నిద్రలో ఉంది మరి.

పిన్ని నిద్ర సంగతి చెప్పకపోతే ఈ కథ ముందుకి నడవదు. మెలకువగా ఉన్నంతసేపూ ఆవిడ ముగ్గురు మనుషుల పని చేస్తుంది. కానీ ఎక్కడైనా కుర్చీలో కూర్చుని, ఎదురుగా ఎవరైనా గొంతు సవరించుకున్నారా, అంతే సంగతులు. పళ్ళ డాక్టరు పన్ను పీకుతుంటే నిద్రపోయింది. నోరు ముయ్యకుండా నిద్రపోయింది కాబట్టి డాక్టరుకి పని తేలికైందట. వెళ్ళేటప్పుడు "ఇలాంటి పేషెంటు ఇంకెవరైనా ఉంటే పంపండి" అన్నాడట.

అలాంటి పిన్నికి నాటకం మీద కోపమొచ్చింది. కోపంలో న్యాయం కూడా ఉంది. ఒక పెద్దమనిషి ఆర్డరిచ్చిన భోజనాల బల్ల తయారైందేమో చూసుకుందామని సాయంత్రం షెడ్డుకొచ్చాడు. ఆ బల్లమీద తెల్లదుప్పటి కప్పుకుని టైర్ల షాపాయన చచ్చిపడున్నాడు. నర్సమ్మ పక్కన కూర్చుని గుండెలు బాదుకుంటోంది. పెద్దమనిషి టోపీ తీసి, తలొంచుకుని, పాపం కాసేపు మౌనంగా నిలబడ్డాడు కూడా. అప్పుడు శవానికి తుమ్మొచ్చింది. పెద్దమనిషి మళ్ళీ ఆ వీధి మొహం చూడలేదు. బల్ల ఇప్పటికీ షెడ్డులోనే ఉంది.

మర్నాడు పిన్ని చీపురు పక్కన పెట్టి, స్తంభానికానుకుని నిలబడి అంది, "ఇదిగో, ఒక మాట. ఇది చెక్కపని చేసుకునే షెడ్డా, చచ్చినోళ్ళని పడుకోబెట్టే షెడ్డా?"

"నాటకమే కదా," అన్నాడు బాబాయి.

"నాటకమే. మనిషన్నవాడు మెలకువగా చూడగలిగే నాటకం ఒక్కటంటే ఒక్కటి వేశారా మీరు?"

"నువ్వు పన్ను పీకుతున్నా నిద్రపోతావక్కా," అన్నాడు నిచ్చెనమీంచి బావమరిది.

"నువ్వు దిగు ముందు, నీ సంగతి చెప్తాను." అని మళ్ళీ బాబాయి వైపు తిరిగింది. "ఈసారి నాటకానికొస్తా. ముందు వరసలో కూర్చుంటా. మొదట్నుంచి చివరిదాకా నాకు కునుకు పట్టలేదనుకో, షెడ్డు సాయంత్రాలు మీదే, నోరెత్తను. పట్టిందా, ఆ మర్నాటినుంచి ఈ షెడ్డులో బల్లలు, బీరువాలు తప్ప ఒక్క మాట వినబడకూడదు. సరేనా?"

బాబాయి చెవిమీది పెన్సిలు తీసి చూసుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. ఆ షెడ్డు పోతే నాటకానికి ఇంకో చోటు లేదు. కండక్టరుదీ మంగలాయనదీ అగ్గిపెట్టెల్లాంటి ఇళ్ళు. టైర్ల షాపులో మనిషి నిలబడాలంటే ఓ టైరు బయటికెళ్ళాలి. సాయంత్రం ఆ నలుగురి గొంతులూ వినబడకపోతే షెడ్డులో తనకి మిగిలేది తన రంపం చప్పుడే. ఆ సంగతి పైకి చెప్పే మనిషి కాదు. "సరే," అన్నాడు.

అక్కణ్ణుంచి రిహార్సల్ అంటే యుద్ధమే. నాటకం పేరు "తలుపు తీసే ఉంది". కూతురు తనకి నచ్చినవాణ్ణి పెళ్ళాడిందని నాన్న ఇంట్లోంచి గెంటేస్తాడు, ఏళ్ళ తరవాత ఆమె తిరిగొస్తుంది, నాన్న కరిగిపోతాడు. ఏడ్చేవాళ్ళకి ఏడ్చినంత. ఇబ్బందల్లా ఆ స్తంభంతోనే. మొదట్లో మంగలాయన ఆవేశంగా పరిగెత్తుకొచ్చి దానికి నుదురు కొట్టుకున్నాడు. ఊళ్ళోవాళ్ళ తలలు సరిచేసే మనిషి తన తలమీద బొప్పితో కూర్చుంటే, గిరాకీలు గడ్డం గీయించుకోవడం మానేసి ఆ బొప్పిని చూడ్డానికొచ్చారు. టీ ట్రే పట్టుకొచ్చే నర్సమ్మ మేకుకున్న సంచీకి తగలకుండా ట్రే పైకెత్తి, ఓ పక్కకి ఒంగి, మళ్ళీ నిటారుగా నడవడం నేర్చుకుంది. నాన్నా కూతురూ పోట్లాడుకునే సీన్లో స్తంభం ఇద్దరి మధ్యకీ వస్తుంది. అందుకని ఈయన కుడివైపు తల పెడితే ఆమె ఎడమవైపు తల పెట్టి, ఆమె ఇటొస్తే ఈయన అటెళ్ళి, స్తంభం పక్కల్నుంచి తొంగి తొంగి చూసుకుంటూ తిట్టుకునేవాళ్ళు. అలవాటైపోయాక స్తంభమనేది ఒకటుందన్న సంగతే మర్చిపోయారు. కాళ్ళే తప్పుకునేవి.

హాలు వాళ్ళకి దొరికింది నాటకం రోజు సాయంత్రమే. అంతకుముందు అందులో ఎవరిదో మీటింగు నడుస్తోంది. కుర్చీలు సర్ది, తలుపూ కిటికీ నిలబెట్టి, లైట్లు కట్టేసరికి జనం గేటు దగ్గరికొచ్చేశారు. కండక్టరు అందర్నీ తెర వెనక్కి చేర్చి ఒకే మాట చెప్పాడు:

"కొత్త వేషాలెయ్యొద్దు. షెడ్డులో ఎలా చేశారో ఇక్కడా అలాగే చెయ్యండి. వెంట్రుకవాసి తేడా రాకూడదు. రైట్ రైట్!"

ఆయన మాట జవదాటిన పాపాన ఒక్కరూ పోలేదు.

తెర లేచింది. మంచమ్మీంచి టైర్ల షాపాయన దగ్గుతూ లేచి కిటికీ వైపు నడిచాడు. స్టేజి నడిమధ్యకి రాగానే ఆగాడు. కుడిపక్కకి తప్పుకుని, సగం చుట్టు తిరిగి, మళ్ళీ దారిలో పడ్డాడు. అక్కడ ఏమీ లేదు. నున్నగా తుడిచిన నేల. నీళ్ళేవైనా ఒలికాయేమో అనుకున్నారు జనం. తరవాత నర్సమ్మ ట్రేతో వచ్చింది. అదే చోటికొచ్చి, ట్రే నెత్తి దాకా ఎత్తి, నడుం ఒంచి, గాల్లో దేన్నో తప్పించుకుని వెళ్ళిపోయింది. జనంలో గుసగుస మొదలైంది. ఇంతలో మంగలాయన ఆవేశంగా పరిగెత్తుకొచ్చి, ఆ చోటుకి రాగానే చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని, కీచుమని పక్కకి తిరిగాడు.

రెండో వరసలో రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన పక్కవాళ్ళతో అన్నాడు, "మధ్యలో ఏదో ఉందర్రా. వాళ్ళకి కనబడుతోంది, మనకి కనబట్టం లేదు."

"దెయ్యమేమోనండీ."

"దెయ్యం కాదు. గతం. ఇలాంటివి మీకిప్పుడే అర్థం కావులెండి."

ఇక పోట్లాట సీను. స్టేజిమీద నాన్నా కూతురూ ఎదురెదురుగా నిలబడ్డారు. ఇద్దరి మధ్యా గాలి తప్ప ఏమీ లేదు. "నా గడప తొక్కకు!" అంటూ ఈయన కుడివైపు తొంగి చూశాడు. "తొక్కను నాన్నా!" అంటూ ఆమె ఎడమవైపు తొంగి చూసింది. ఈయన ఇటు, ఆమె అటు. ఆమె ఇటు, ఈయన అటు. దాగుడుమూతలాడుతున్న పిల్లల్లా తొంగి చూసుకుంటూ ఒకర్నొకరు శపించుకుంటున్నారు. హాలు పగలబడి నవ్వింది. అందరికన్నా గట్టిగా నవ్విన గొంతొకటి ముందు వరసలోంచి వచ్చింది. పక్కనుంచి చూస్తున్న బాబాయి ఆ గొంతు పోల్చుకున్నాడు. పిన్ని కళ్ళు తుడుచుకుంటూ మరీ నవ్వుతోంది.

"బాబాయీ, ఏడుపు సీనుకి నవ్వుతారేంటి వీళ్ళు?" అన్నాడు కండక్టరు, మొహం మాడిపోయి.

"మెలకువగానే ఉంది," అన్నాడు బాబాయి. ఆయన బెంగ ఆయనది.

ఇంటర్వెల్ తెర పడిందో లేదో పిన్ని మెట్లెక్కి తెర వెనక్కొచ్చేసింది. ఆటగాళ్ళంతా శవం లేచిన ఇంట్లోవాళ్ళలా కూర్చునున్నారు. నర్సమ్మ ఏడుస్తోంది, ఇది నాటకంలోది కాదు.

"ఏవర్రా, దేని చుట్టూ తిరుగుతున్నారు మీరంతా?"

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు.

"మా స్తంభం చుట్టూ తిరుగుతున్నారు! అది అక్కడ షెడ్డులో ఉంటే, మీరిక్కడ తప్పుకుంటున్నారు!"

మంగలాయన చెయ్యి దానంతటదే నుదుటి మీదికెళ్ళింది. టైర్ల షాపాయన "ఓరి దేవుడోయ్" అని కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. కండక్టరు మాత్రం డీలా పడలేదు. "తెలిసిందిగా! ఇకనుంచి అందరూ నేరుగా నడవండి. హోల్డాన్! ఒకసారి చూద్దాం." తెర వెనకే నడిపించి చూశాడు. నేరుగా నడిచేసరికి నర్సమ్మ ట్రే టైర్ల షాపాయన గుండెల మీదికెళ్ళింది. మంగలాయన వెనక్కి తగ్గి కిటికీలో కూర్చున్నాడు. చివరి సీన్లో నాన్న చేతులు చాపుకుంటూ కూతుర్ని దాటుకుని తలుపు దాకా వెళ్ళిపోయాడు.

"కాళ్ళకి చెవులుంటాయా, చెబితే వినడానికి?" అంది పిన్ని. "మీకు నడక నేర్పిందే ఆ స్తంభం. అది లేకపోతే మీరు నడవలేరు. స్తంభం పెట్టండి, పోతుంది."

"ఇప్పటికిప్పుడు స్తంభం ఎక్కణ్ణుంచి తెస్తాం పిన్నీ?" అన్నాడు కండక్టరు. "నిచ్చెన లైట్లకి కట్టేశాం. పొడుగ్గా, సన్నగా, కదలకుండా నిలబడేది ఇంకేం..."

అక్కడ ఆగిపోయాడు. ఆయన చూపు ఎటెళ్ళిందో అందరి చూపూ అటే వెళ్ళింది. తలుపు బిగిస్తూ ఉన్న బాబాయి సుత్తి దించాడు.

"నాకు డైలాగులు రావు," అన్నాడు.

"స్తంభానికి డైలాగేంటి బావా!" బావమరిది నిచ్చెనమీద పడీపడీ నవ్వుతున్నాడు. "మా అక్కని పెళ్ళి చేసుకున్న రోజునుంచీ నువ్వు చేస్తున్న రిహార్సలే కదా ఇది!"

పిన్ని అప్పటికే మూలనున్న పాత గోధుమరంగు తెర లాక్కొచ్చింది. బాబాయిని మడమనుంచి మెడదాకా చుట్టి, తన దగ్గరున్న పిన్నీసులన్నీ గుచ్చేసింది. నెత్తిమీద ఓ చెక్కపలక పెట్టింది. చెవిమీది పెన్సిలు తియ్యబోతే ఆయన తల అడ్డంగా ఊపాడు, ఉంచేసింది. చివరికి తన సంచీ తీసి ఆయన చూపుడువేలికి తగిలించింది.

"ఇది దించకు. ఈ సంచీ లేకపోతే నర్సమ్మకి దారి తెలీదు."

"నువ్వు..." అన్నాడు బాబాయి.

"నేనెళ్ళి కూర్చుంటా. మెలకువగానే ఉన్నాలే, చూశావుగా." అని గబగబా మెట్లు దిగిపోయింది.

తెర లేచేసరికి స్టేజి నడిమధ్యలో స్తంభం. "అదిగో! నే చెప్పలా?" అని లెక్కల మాస్టారు కుర్చీలోంచి సగం లేచాడు. "అప్పుడు కనబడలేదు, ఇప్పుడు కనబడింది!" హాలంతా అవునవునని తలలూపింది. ఇక నాటకం వెన్నలో కత్తిలా సాగిపోయింది. టైర్ల షాపాయన స్తంభం పక్కనుంచి నడిస్తే రాజసం, నర్సమ్మ సంచీ కింద నుంచి ఒంగితే అణకువ, మంగలాయన నుదురు పట్టుకుంటే ఆవేదన. నవ్వినవాళ్ళే ముక్కులు చీదడం మొదలుపెట్టారు. బాబాయి ముక్కుమీద ఓ ఈగ వాలింది. అది సామాన్యమైన ఈగ కాదు, పిచ్చుకంత ఉందని చూసినవాళ్ళ మాట. ముక్కుమీద కాపురం పెట్టి, అటు చెంపకీ ఇటు చెంపకీ చుట్టపు చూపుగా వెళ్ళొచ్చింది. స్తంభం చలించలేదు. ఊపిరి తీసిందో లేదో కూడా ఎవరూ చెప్పలేరు.

చివరి సీను. తిరిగొచ్చిన కూతురు గడపలో నిలబడింది. నాన్న కాళ్ళు తడబడి, స్తంభానికానుకుని బావురుమన్నాడు. టైర్ల షాపాయన మనిషి లారీ టైరంత ఉంటాడు. ఆ బరువంతా బాబాయి వెదురుబద్ద ఒంటిమీద పడింది. ఒక్క వీసం వంగలేదు. కూతురు అటువైపు నుంచి వచ్చింది. షెడ్డులో నేర్చుకున్నట్టే ఇద్దరూ స్తంభానికి చెరోవైపు నుంచీ చేతులు చాపి వాటేసుకున్నారు. మధ్యలో బాబాయి. సరిగ్గా అప్పుడే స్తంభం కళ్ళలోంచి బొటబొటా నీళ్ళు కారాయి. బావమరిది ఎందుకైనా మంచిదని లైటు సరిగ్గా ఆ మొహంమీదికి తిప్పాడు.

"చెక్క కూడా ఏడుస్తోందర్రా!" అని వెక్కివెక్కి ఏడ్చాడు మాస్టారు. జనమంతా లేచి నిలబడ్డారు. ఆ చప్పట్లకి వీధి చివర కొట్లో సీసాలు పడిపోయాయట. తెర పడ్డాక కూడా బాబాయి అలాగే నిలబడుంటే, ఇద్దరు పట్టుకుని దుంగని మోసినట్టు మోసుకెళ్ళారు.

పిన్నీసులు విప్పుతూ ఉండగా అందరూ పిన్ని చుట్టూ మూగారు. ఆవిడే అంది:

"ఏంటలా చూస్తారు? రెప్ప వాల్చితే ఒట్టు! షెడ్డు మీదే. రేపట్నుంచి ఆ భోజనాల బల్లమీదే చావండి, ఎవరొద్దన్నారు?" అని సంచీ తీసుకుని, బాబాయి నెత్తిమీది పలక దించి, నుదుటి చెమట తన చేత్తోనే తుడిచింది.

ఆ రోజునుంచి ఆయన స్తంభం బాబాయి. షెడ్డులో సాయంత్రాలు మళ్ళీ అరుపులూ ఏడుపులూ మొదలయ్యాయి. నర్సమ్మ ఇప్పటికీ చెబుతుంది, "నేను ఎన్ని కన్నీళ్ళు చూశాను ఆసుపత్రిలో! అంత నిజంగా ఏడ్చిన మనిషిని చూళ్ళేదు. నటనంటే అదీ" అని. కండక్టరు ఆ కన్నీటి గురించి బస్సులో ఎక్కినవాళ్ళకీ దిగినవాళ్ళకీ చెబుతాడు. కొత్తవాళ్ళెవరైనా షెడ్డుకొచ్చి "బాబాయీ, డైలాగు లేకుండా అంత ఏడుపు ఎలా తెప్పించారండీ?" అని అడిగితే బాబాయి రంపం ఆపుతాడు. పిన్ని దగ్గర్లో లేదని రెండువైపులా చూసుకుంటాడు.

"నటనా లేదు, గిటనా లేదు. ముందు వరసలో ఆవిడ నోరు తెరుచుకుని నిద్రపోతోంది. షెడ్డు పోయిందని ఏడ్చాను."